నెమ్మది తొట్టి

"నా గ్లాసు ఎవరికిచ్చావు?" అన్నారు మావారు.

"డ్రైవరు నూకరాజుకి కాఫీ ఇచ్చాను. కడిగేశాను కదా."

"దాని మీద నా పేరుంది."

"పేరుంటే కాఫీ లోపలికి దిగదా?"

మా ఇంట్లో స్టీలు సామానంతటి మీదా "ప. వెంకటరత్నం" అని చెక్కి ఉంటుంది. పప్పు గరిటెని కూడా వదల్లేదు. ఆ గ్లాసు ఇంకొకరు ముట్టుకుంటే ఆయనకు రోజంతా బాగుండదు. ఇంకో గ్లాసులో పోసిస్తే రుచి మారిందన్నారు. మారింది రుచి కాదు, మీ మూతి అన్నాను. అలా ఇడ్లీలు చల్లారేదాకా వాదించుకున్నాం.

చివరికి ఆయన మాట మార్చారు. "సోమవారం నుంచి మైత్రిని తొట్టిలో పడుకోబెడుతున్నాం. కంపెనీ వాళ్ళకి చెప్పేశాను."

మైత్రి మా మనవరాలు. పుట్టి నెలన్నర. కోడలు శరణ్య మున్సిపల్ ఆరోగ్యకేంద్రంలో కాంట్రాక్టు నర్సు. ఆ సోమవారంతో దాని సెలవు అయిపోతుంది.

"తొట్టెందుకు? నేను రాజీనామా చేసి ఇంట్లో ఉంటాను."

"నువ్వు రాజీనామా చేస్తే నేనెక్కడ కూర్చోవాలి?" అన్నారాయన. హాస్యానికి అనలేదు.

మా కలువలపాలెం మున్సిపాలిటీలో చైర్మన్ పదవి ఈ విడత మహిళలకు పోయింది. ఇరవై ఏళ్ళుగా దాని కోసమే కాచుకున్న మావారు నా చేత నామినేషన్ వేయించారు. తలుపు మీద ఇత్తడి పలకలో "శ్రీమతి ప. వకుళ" అని ఉంటుంది. లోపల కుర్చీలో ఆయనుంటారు. నేను సంతకాలకు వెళ్తాను. కౌన్సిల్ మీటింగుల్లో మాత్రం నేనే కూర్చోవాలి కాబట్టి, ఆయన సందర్శకుల బెంచీలో కూర్చుంటారు. కళ్ళజోడు సవరించుకుంటే ఔననాలి. కండువా సవరించుకుంటే కాదనాలి. ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. కౌన్సిలర్లు కూడా మాట్లాడేటప్పుడు నా వంక కాక బెంచీ వంక చూస్తారు.

"చైర్మన్ గారి మనవరాలే పడుకుంటే ఇంకెవరికి భయముంటుంది?" అన్నారు మావారు. అదీ అసలు సంగతి.

*

తొట్టిని కనిపెట్టిన కంపెనీ బృందంలో మా అబ్బాయి ఫణి ఒకడు. వాళ్ళ ప్రయోగశాల ఊరి బయట, మూతపడ్డ గోనెసంచుల మిల్లులో ఉంది. పాపని పెట్టబోయేముందు నాకు చూపిస్తానని తీసుకెళ్ళాడు.

అద్దాల తొట్టి. అడుగున రాగి తీగల అల్లిక. వాడు అందులో ఒక కోడిపిల్లని వదిలి మీట నొక్కాడు. కీచుకీచుమంటున్న పిల్ల గొంతు సాగి సాగి, దూరంగా బస్సు మలుపు తిరుగుతున్నట్టు లోతుగా అయిపోయి, ఇక వినపడలేదు. ముక్కు తెరిచే ఉంది. పైనుంచి ఒక నీటిచుక్క వేశాడు. అది తొట్టి అంచు దాటగానే గాలిలో ముత్యంలా నిలబడింది. చాలాసేపు చూస్తే గాని కిందికి దిగుతున్నట్టు తెలియలేదు.

"కాలం ఆగిందా?"

"ఆగదమ్మా. చిక్కబడుతుంది."

"తీగపాకంలాగానా?"

"ముదురుపాకం అనుకో. బయట పొద్దున్నుంచి సాయంత్రం దాకా గడిస్తే లోపల పావుగంట. ఆకలెయ్యదు, తడపదు, ఏడవదు. శరణ్య డ్యూటీకి వెళ్ళొచ్చేసరికి దానికి ఒక చిన్న కునుకు."

"జ్వరమొస్తే?"

"లోపల ఉన్నంతసేపూ పెరగదు."

పెరగదన్న మాటకే అందరం సంతోషించాం.

తొట్టిని మా హాల్లో టీవీ పక్కన పెట్టారు. మొదటిరోజు వీధి వీధంతా చూడటానికి వచ్చింది. మైత్రి అప్పుడే ఆవులింత మొదలుపెట్టింది. నేను లోపలికెళ్ళి స్టవ్ మీద పాలు పెట్టి, పొంగేలోపు దించి వచ్చినా ఆ ఆవులింత ఇంకా సగంలోనే ఉంది. గులాబీరంగు నోరు, లోపల చిన్న నాలుక. ఎదురింటి ఆవిడ ఫోటో తీసుకుంది. నాకు ఎందుకో ఆ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టాలనిపించింది.

మొదట్లో శరణ్య డ్యూటీ వేళలకే అనుకున్నాం. తరవాత మావారి పార్టీవాళ్ళు వచ్చి మాట్లాడుకునేటప్పుడు గోల చేస్తోందని పెట్టాం. తరవాత ఒక పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ తరవాత ఉక్కపోత రాత్రుళ్ళు. దేనికదే సబబుగానే ఉండేది. మైత్రి మెలకువగా ఉన్న కాస్తలో సగం దీపాల వెలుతురే చూసింది. ఒక మధ్యాహ్నం పెరట్లోకి ఎత్తుకెళ్తే ఎండకు కళ్ళు తెరవలేక నా భుజంలో మొహం దాచుకుంది.

ఇంకోటి కూడా జరిగింది. బిడ్డ కాలం చిక్కబడింది గాని తల్లి ఒంట్లో కాలం మామూలుగానే నడుస్తోంది. పగలంతా తాగేవాళ్ళు లేక శరణ్యకు పాలు తగ్గిపోయాయి. దుస్తులు మార్చుకుంటూ అద్దం ముందు ఆ మాట నాతో అంది. పైగా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

*

ఐదో నెల వచ్చింది. ఆడపిల్లకి అన్నప్రాశన ఐదో నెలలో చెయ్యాలని మావారు పంచాంగం తెరిచారు.

ఫణి అడ్డం పడ్డాడు. "నాన్నా, ఒంటి లెక్కన దానికి మూడో నెల నిండి కొద్దిరోజులే. గొంతు ఇంకా గట్టివాటికి సిద్ధం కాలేదు."

"పుట్టినరోజు మారిందా?"

"మారలేదు."

"అయితే ఐదో నెల ఐదో నెలే. తొట్టిలో పడుకుంది పాప, పంచాంగం కాదు."

"మెడే సరిగ్గా నిలబడలేదండీ" అన్నాను నేను.

"నువ్వు పట్టుకో. నిలబడుతుంది."

పురోహితుడు ఇద్దరి వంకా చూసి, తను ముహూర్తం వరకే చెప్పగలనన్నాడు. కంపెనీవాళ్ళు కెమెరా పంపారు. షామియానా వేశారు. మావారు పట్టుపంచె కట్టుకుని, వెండిగిన్నెలో పరమాన్నం ఉంగరంతో తీసి పాప నాలుక మీద పెట్టారు. చూసేవాళ్ళ కోసం రెండోసారి, కాస్త ఎక్కువగా.

మైత్రికి దగ్గొచ్చింది. తరవాత దగ్గు కూడా రాలేదు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

"తొట్టిలో పెట్టండి, తొట్టిలో పెట్టండి" అన్నారు మావారు. ఊపిరాడకపోవడం కూడా నెమ్మదిస్తుందని ఆయన ఉద్దేశం. ఫణి నిజంగానే మీట దగ్గరికి పరిగెత్తాడు. శరణ్య పాపని నా చేతుల్లోంచి లాక్కుని, ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి వీపు మీద కొట్టింది. నాలుగో దెబ్బకి మెతుకు బయటపడింది. ఏడుపు వచ్చింది. అంత మంచి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

కాని కొంత లోపలికి పోయింది. రెండురోజుల్లో ఛాతీలో నెమ్ము చేరింది. పిల్లల డాక్టరు మందు రాసి, "దగ్గర ఉండి చూసుకోండి, పదిరోజుల్లో తగ్గిపోతుంది" అన్నాడు.

శరణ్య సెలవు అడిగింది. కాంట్రాక్టువాళ్ళకి కాన్పుకి ఇచ్చినదానికి మించి లేదన్నాడు కమిషనర్. నేను ఫోన్ చేశాను.

"రూలు లేదు మేడం. చైర్‌పర్సన్ గారి కోడలికి ఒకటి, చెత్తబండి అప్పలకొండకి ఒకటి అంటే బాగోదు. అయినా తొట్టి ఉంది కదా."

పదిరోజులు గడిచాయి. ఇంకో పది గడిచాయి. మైత్రి ఛాతీలో పిల్లికూతలు అలాగే ఉన్నాయి. డాక్టరు మందు మోతాదు పెంచాడు. ఆ సాయంత్రం శరణ్య డ్యూటీ నుంచి వచ్చి పాపని తొట్టిలోంచి తీసి, మందు చెంచాలో పోసి, నోటి దాకా తెచ్చి ఆగింది.

"అత్తయ్యా, పొద్దున మందు వేసి పెట్టారా తొట్టిలో?"

"నువ్వే కదా వేసి వెళ్ళావు."

"వేశాను. దాని ఒంట్లో అది ఇప్పుడే, పావుగంట కింద పడింది." చెంచాలో మందు తిరిగి సీసాలో పోసేసింది. "రెండు పూటల మందూ పక్కపక్కనే పడుతోంది. తగ్గే టైమేమో ఇవ్వట్లేదు."

అప్పుడు నాకు అర్థమైంది. జ్వరం పెరగని చోట తగ్గడం కూడా జరగదు. దెబ్బ మానాలన్నా, నెమ్ము కరగాలన్నా కాలమే కావాలి. ఆ కాలంలో పక్కన ఒక మనిషి కావాలి. ఈ తొట్టి పనిని తప్పించలేదు, ముందుకు తోసిందంతే.

మర్నాడు శరణ్య తొట్టి తీగ గోడలోంచి పీకేసింది. డ్యూటీకి వెళ్ళలేదు. పాప మంచం మీదే కూర్చుంది, నిద్రపోయినప్పుడు కూడా. మూడోరోజుకి కూత తగ్గింది. నాలుగోరోజుకి కమిషనర్ మనిషి వచ్చి, సోమవారం పనిలోకి రాకపోతే ఆ స్థానంలో వేరేవాళ్ళని తీసుకుంటారని చెప్పిపోయాడు.

*

నేను ఒంటరిగా ప్రయోగశాలకు వెళ్ళాను. ఫణి కోడిపిల్లలున్న గంప పక్కన, గడ్డం గీసుకోకుండా కూర్చుని ఉన్నాడు.

"మిగతా పదకొండు ఇళ్ళల్లో కూడా ఇంతేనా?" అన్నాను. అప్పటికి మున్సిపాలిటీలో పనిచేసే ఆడవాళ్ళు ఇంకో పదకొండుమంది తొట్లు తీసుకున్నారు.

"ఇంతే. జలుబు నెలన్నర ఉంటోంది. టీకా వేసినచోట వాపు తగ్గట్లేదు. ఒకడికి దద్దుర్లు."

"కంపెనీకి చెప్పావా?"

"చెప్పాను. తొట్టి వల్ల జబ్బు రాలేదు కదా అన్నారు."

"నిజమే కదా."

"నిజమేనమ్మా. అందుకే ఏమనాలో తెలియలేదు." వాడు ఒక కోడిపిల్లని అరచేతిలోకి తీసుకున్నాడు. "నేను దీన్ని పాము కరిచినవాళ్ళ కోసం మొదలుపెట్టాను. తోటల్లో కరిస్తే ఆసుపత్రికి తెచ్చేలోపు విషం ఎక్కకుండా. బండిలో పట్టేంత తొట్టి. గంటసేపటికి. అక్కడ డాక్టరు సిద్ధంగా ఉంటాడు. ఇక్కడ తొట్టి తెరిచాక ఎవరున్నారు? అలిసిపోయి వచ్చిన శరణ్య."

"మరి పిల్లల తొట్టి ఎలా అయింది?"

"పాముకాట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ అన్నారు."

వాడి తలమీద చెయ్యి వేశాను. చిన్నప్పుడు పెరిగినట్టే పెరిగింది జుట్టు, చెవుల మీదికి.

*

ఇంతలో కుటుంబ సెలవు పథకం మా కౌన్సిల్ ముందుకు వచ్చింది. ఇంట్లో బిడ్డ పుట్టినా, ఎవరైనా మంచం పట్టినా ఉద్యోగికి కొన్ని నెలలు జీతంతో సెలవు. కాంట్రాక్టువాళ్ళకీ అదే. ఆ జీతం ప్రభుత్వం కొంత, ఊరు కొంత, ఉద్యోగి కొంత వేసే నిధిలోంచి వస్తుంది. చేరాలో వద్దో ఏ ఊరికా ఊరే తేల్చుకోవాలి. ఏటి అవతలి మున్సిపాలిటీ చేరింది. రైల్వే లైను అవతలిది మానేసింది. చేరని ఊళ్ళకి తొట్లు ఉచితంగా ఇస్తామని కంపెనీ చెప్పింది. అందులో తప్పేమీ కనిపించదు.

ఓటింగు సోమవారం, శరణ్యకు గడువు పెట్టిన రోజే. శనివారం నాడు చర్చ. మావారు బెంచీలో కూర్చుని ఉన్నారు.

"సెలవులెందుకండీ ఇప్పుడు?" అన్నారు కౌన్సిలర్ బుల్లియ్యగారు. "మా అమ్మ నన్ను వరిచేలో కని, ఆ సాయంత్రమే ఇంటికొచ్చి పదిమందికి వండింది."

"ఆ సంగతి మీ అమ్మ చెప్పిందా, మీ నాన్న చెప్పాడా?" అంది మస్తానమ్మ. ఆవిడ పన్నెండో వార్డు.

"ఎవరు చెబితే ఏంటి?"

"అమ్మ చెబితే నమ్ముతాను. నాన్న చెబితే, ఆయన ఆ పూట కూర బాగుందనో లేదనో కూడా చెప్పుంటాడు."

అందరూ నవ్వారు. బుల్లియ్యగారు కూడా నవ్వి, మెల్లగా అన్నారు. "అమ్మ చెప్పలేదులే. అమ్మ నా రెండో ఏటే పోయింది."

ఆ మాటతో నవ్వు ఆగింది. అయినా ఆయన తన పక్షం మార్చుకోలేదు. ఊరి నిధి రోడ్లకే చాలడం లేదన్నారు. అదీ అబద్ధం కాదు. మస్తానమ్మ అడిగింది: రోడ్డు బాగుంటే దాని మీద పరిగెత్తే పిల్లలు ఏ తొట్టిలో ఉంటారని. లెక్క చూస్తే అటు సగం, ఇటు సగం. నా ఓటుతోనే తేలాలి.

మావారు కండువా సవరించుకున్నారు. నేను చూడలేదనుకున్నారేమో, తీసి దులిపి మళ్ళీ వేసుకున్నారు.

ఇంటికొచ్చే దారిలో కారులో చెప్పారు. "కంపెనీవాళ్ళకి మాటిచ్చాను. నీ ఓటు గురించి వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు."

"నన్నొకసారైనా అడిగారా వాళ్ళు?"

"నిన్నెందుకు అడుగుతారు?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

నూకరాజు అద్దంలోంచి ఒకసారి నన్ను చూసి, వెంటనే రోడ్డు వంక చూశాడు.

*

ఆదివారం మధ్యాహ్నం భోజనాలు. ముద్దపప్పు, గోంగూర, కారం పెట్టిన వంకాయ కూర, చారు. శరణ్య మైత్రిని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒంటిచేత్తో తింటోంది. పాప ఊపిరి ఇంకా కాస్త గరగరమంటోంది గాని, కళ్ళు తేటగా ఉన్నాయి. మా ఇంట్లో నేను అందరి తరవాత తింటాను. ఆ పూట గిన్నెలన్నీ బల్ల మీదే పెట్టి, నాకూ కంచం తెచ్చుకుని కూర్చున్నాను.

"మేం తిన్నాక తిందువుగానిలే, ఎవరు వడ్డిస్తారు?" అన్నారు మావారు.

"చేతికందేంత దూరంలోనే ఉన్నాయి." పప్పులో నెయ్యి వేసుకున్నాను. "రేపు నా ఓటు పథకంలో చేరడానికే."

ఫణి గోంగూర గిన్నె వంక చూస్తున్నాడు.

"ఎండదెబ్బ తగిలిందా?" అన్నారు మావారు.

"లేదు. బాగానే ఉన్నాను."

"నేను మాటిచ్చానని చెప్పాను కదా."

"మాట మీరిచ్చారు. నిలబెట్టుకోవడం మీ సమస్య. ఓటు నాది, అది మీ మాటలో లేదు."

"వకుళా, అవిశ్వాసం పెడతారు. నెల తిరక్కుండా పదవి పోతుంది."

"పోనివ్వండి. ఒకసారి చేరిన ఊరు ఐదేళ్ళదాకా బయటికి రావడానికి లేదు. నన్ను దించగలరు. తీర్మానాన్ని దించలేరు."

"నీకెవరు చెప్పారు?"

"చదివాను. మీరు సంతకం పెట్టమన్నవన్నీ మొదటిరోజు నుంచీ చదువుతూనే ఉన్నాను. ఏముందని మీరెప్పుడూ అడగలేదు."

ఆయన ముద్ద కంచంలోకి వదిలేశారు. కోపం కన్నా ముందు ఆయన మొహంలోకి ఇంకేదో వచ్చింది. కొత్త అద్దెవాళ్ళని చూసినట్టు చూశారు నన్ను.

"ఫణీ, నువ్వైనా చెప్పరా. నీ ఉద్యోగం కూడా ఇందులో ఉంది."

"తెలుసు నాన్నా." వాడు గిన్నె పక్కకు జరిపాడు. "పన్నెండుమంది పిల్లల సంగతీ రేపు కౌన్సిల్లో నేనే చెబుతున్నాను. అమ్మ నన్ను పిలిచింది. తొట్టి ఉండాలి, అంబులెన్సులో. ఇళ్ళల్లో కాదు."

"అంటే ఇంట్లో అందరూ ఒక్కటైపోయారన్నమాట."

"లేదు మామయ్యగారూ" అంది శరణ్య, తల ఎత్తకుండానే. "అందరం ఒక్కటిగానే ఉన్నాం. మీరే లేచి బెంచీ మీద కూర్చున్నారు."

ఆ పిల్ల మా ఇంటికి వచ్చి మూడేళ్ళయింది. ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. చెప్పాక దాని చెవులు ఎర్రబడ్డాయి గాని, మాట వెనక్కి తీసుకోలేదు. మైత్రి దాని గాజు పట్టుకుని లాగుతోంది.

నేను మావారి కంచంలో చారు పోశాను. పోయొద్దనలేదు ఆయన.

"రేపు కారులో మేం ముగ్గురం వెళ్తాం" అన్నాను. "ఫణి మాట్లాడాలి. శరణ్య కూడా మాట్లాడుతుంది, నర్సుగా. మస్తానమ్మ వాళ్ళ వార్డు ఆడవాళ్ళందరినీ తీసుకొస్తోంది, బెంచీలు వాళ్ళకే చాలవు."

"మరి నేను?"

"మీరు ఇంట్లో ఉండండి. పాప దగ్గర ఎవరో ఒకరుండాలి కదా. పాలు కాచి ఫ్లాస్కులో పోసి వెళ్తాను. తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా నడవండి, కూర్చోవద్దు. మీటింగు ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు. మధ్యాహ్నం మందు మాత్రం మరిచిపోకండి."